బెంగళూరు పాత పేటల్లో ఒక రోజు: ఏ వేళకు ఏం తినాలి, ఎక్కడ కాఫీ తాగాలి, ఏ బొమ్మలు చూడాలి

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి ఊరంటే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ. పాత ఊళ్లోకి రావాలనుకున్నప్పుడు శనివారం పదకొండింటికి కారు తీస్తారు. గంటన్నర ట్రాఫిక్, ముప్పావుగంట హోటల్ ముందు నిలబడడం, ఆ ఆకలి మీద తలా రెండు దోశలు. తర్వాత కడుపు బరువెక్కి ఇంకెక్కడికీ కదలాలనిపించదు. మల్లేశ్వరం, బసవనగుడి గొప్పతనం అలా వెళ్తే తెలియదు.

పాత బెంగళూరు తిండి గడియారాన్ని పట్టుకుని నడుస్తుంది. పొద్దున్న ఒక గిరాకీ, మధ్యలో మూత, మళ్లీ సాయంత్రం ఇంకో గిరాకీ. కాబట్టి ఎక్కడికి వెళ్లాలన్నది తర్వాత సంగతి, ఎన్నింటికి వెళ్లాలన్నది ముందు తేల్చుకోవాలి. ఇక రెండో సూత్రం, ఏదైనా ఇద్దరికి ఒకటే తీసుకోవడం. ఈ రెండూ పాటిస్తే ఒక్క రోజులో రెండు రకాల దోశ, నాలుగైదు చోట్ల కాఫీ, రెండు చిత్రశాలలు, ఒక పూల మార్కెట్, ఒక తిండి వీధి హాయిగా సరిపోతాయి. కింద చెప్పినదంతా ఇద్దరి లెక్క. నలుగురు వస్తే రెండు జంటలుగా అనుకోండి. అంతకు మించితే ఈ పాత హోటళ్లలో ఒకచోట కూర్చోవడం కష్టం.

ముందు వారం చూసుకోండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గాంధీ బజార్‌లోని విద్యార్థి భవన్ హోటల్‌కు శుక్రవారం సెలవు. లాల్‌బాగ్ రోడ్డులోని ఎంటీఆర్ హోటల్‌కు సోమవారం సెలవు. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్ ఆదివారం తెరవదు. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్, కస్తూర్బా రోడ్డులోని మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ), రెండూ సోమవారం మూసేస్తారు. ఆదివారం మెట్రో కూడా మామూలు రోజుల కన్నా ఆలస్యంగా మొదలవుతుంది. ఇవన్నీ తీసేస్తే మంగళ, బుధ, గురువారాలు మిగులుతాయి. సెలవు పెట్టలేనివాళ్లకు శనివారం ఫర్వాలేదు, కానీ అప్పుడు పొద్దున్న టిఫిన్ ఎనిమిది లోపు అయిపోవాలి. పండగ రోజుల్లో ఎవరు తెరుస్తారో ఎవరు మూస్తారో చెప్పలేం, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు.

కారు తీసుకురావద్దు. మల్లేశ్వరం, గాంధీ బజార్ రెండుచోట్లా పార్కింగ్ కోసం తిరిగే సమయంలో ఒక ప్లేటు ఇడ్లీ తినేయొచ్చు. ఈ రోజంతా మెట్రో గ్రీన్ లైన్ మీదే నడుస్తుంది. మంత్రి స్క్వేర్ సంపిగె రోడ్, మెజెస్టిక్, చిక్కపేటె, కేఆర్ మార్కెట్, నేషనల్ కాలేజ్, లాల్‌బాగ్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మధ్యలో చిన్న దూరాలకు ఆటో. స్మార్ట్ కార్డు ఉంటే సరే, లేకపోతే ఫోన్‌లో క్యూఆర్ టికెట్ ముందే తీసుకోండి. పొద్దున్న కౌంటర్ దగ్గర వరస ఉంటుంది.

సంచిలో నీళ్ల సీసా, చిన్న స్టీలు డబ్బా, పది, ఇరవై రూపాయల నోట్లు కొన్ని. యూపీఐ దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది గానీ, రద్దీలో సిగ్నల్ అందక టోకెన్ కౌంటర్ దగ్గర నిలబడిపోతే వెనకవాళ్లు ఊరుకోరు. ఏప్రిల్, మే నెలల్లోనూ ఆగస్టు నుంచి అక్టోబరు దాకానూ సాయంత్రం వాన పడడం మామూలే, సంచిలో గొడుగు కూడా పెట్టుకోండి. ఫుట్‌పాత్‌ల మీద రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, కొత్త చెప్పులు వేసుకుని రాకండి.

పది మాటలు కన్నడంలో

చాలా హోటళ్లలో తెలుగు అర్థమవుతుంది, మార్కెట్లో అయితే తెలుగులోనే బేరం ఆడొచ్చు. అయినా నాలుగు మాటలు కన్నడంలో అంటే ఎదుటివాళ్ల ముఖం విప్పారుతుంది. “ఒందు మసాలె దోసె కొడి” అంటే ఒక మసాలా దోశ ఇవ్వండి. “సక్కరె కడిమె” అంటే చక్కెర తక్కువ. “స్వల్ప చట్నీ కొడి” కొంచెం చట్నీ, “సాకు” చాలు, “ఎష్టు” ఎంత. “తిండి” అంటే ఇక్కడ టిఫిన్ అని. అన్నం భోజనానికి “ఊట” అనాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లి “తిండి ఇదెయా” అని అడిగితే దోశలు లేవంటారు, భోజనం లేదనుకుని బయటికి రాకండి.

మెనూలో “బాత్” అని కనిపించినవన్నీ అన్నం కాదు. ఖారా బాత్ కూరగాయల ఉప్మా. కేసరి బాత్ రవ్వ కేసరి. రెండూ ఒకే ప్లేటులో పెడితే చౌ చౌ బాత్. బిసిబేళె బాత్ మాత్రం నిజంగా అన్నమే. బిసి అంటే వేడి, బేళె అంటే పప్పు. పడ్డు మన గుంత పొంగనాలు. తట్టె ఇడ్లి పళ్లెం అంత వెడల్పుగా వేసే ఇడ్లీ. సాంబార్‌లో బెల్లం తగులుతుంది, అది ఉడుపి పద్ధతి. కారానికి అలవాటైన నాలుకకు మొదటి ముద్ద వింతగా అనిపిస్తుంది, మూడో ముద్దకు సర్దుకుంటుంది. పచ్చడి, కారప్పొడి అడిగి దాన్ని మార్చుకోకండి, ఆ వంట రుచి దానిదే.

ఉదయం 6:30 – కేఆర్ మార్కెట్ పూలు

కేఆర్ మార్కెట్ మెట్రోలో దిగి నేరుగా పాత భవనంలోకి వెళ్లండి. 1928 నాటి కట్టడం. పూలు కింది అంతస్తులో అమ్ముతారు. ముందు పై అంతస్తు వరండాలోకి ఎక్కి అక్కడి నుంచి కిందికి చూడండి. బంతి, చామంతి, కనకాంబరం, గులాబీ రేకలు, తులసి, ఒక్కో రంగు ఒక్కో గుట్ట. ఫొటో తీసుకోవాల్సింది ఇక్కడి నుంచే. కింద నడవలు ఇరుకు, తలమీద మూటలతో వచ్చే హమాలీలకు దారి అడ్డం నిలబడితే వాళ్లకూ కష్టం, మీకూ దెబ్బ.

విడిపూలు బరువు మీద, కట్టిన పూలు కొలత మీద అమ్ముతారు. “మొళ” అంటే మన మూర, “మారు” అంటే మన బార. ఈ తేడా తెలియకపోతే ధర విని కంగారు పడతారు. ఎనిమిది దాటాక మంచి సరుకు చిల్లర వ్యాపారులకు వెళ్లిపోయి ఉంటుంది, నేల కూడా తడిసి జారుతుంది. నలభై నిమిషాలు చాలు. ఇక్కడ ఏమీ తినకండి, కడుపు మల్లేశ్వరానికి ఖాళీగా ఉండాలి.

7:30 – మల్లేశ్వరం

మార్కెట్ నుంచి మూడో స్టేషన్ మంత్రి స్క్వేర్ సంపిగె రోడ్. 1898లో ప్లేగు వచ్చాక ఇరుకు పేటల నుంచి జనం తరలివచ్చి స్థిరపడిన చోట్లు మల్లేశ్వరం, బసవనగుడి. అందుకే వీధులు తిన్నగా, గీత గీసినట్టు ఉంటాయి. పొడుగు రోడ్లకు పేర్లు, అడ్డ రోడ్లకు అంకెలు. సంపిగె రోడ్డు అంటే సంపెంగల వీధి, మార్గోసా రోడ్డు అంటే వేపచెట్ల వీధి. ఎన్నో క్రాస్‌లో ఉన్నారో తెలిస్తే దారి తప్పడం కష్టమే.

ఏడో క్రాస్, మార్గోసా రోడ్డు మలుపులో సీటీఆర్ హోటల్ ఉంటుంది. బోర్డు మీద “శ్రీ సాగర్” అని ఉంటుంది, కొత్తవాళ్లు దాని ముందు నుంచే రెండుసార్లు అటూ ఇటూ తిరుగుతారు. లోపల టేబుల్ పంచుకోవడం మామూలు. నలుగురి బల్ల దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉంటే అడిగి కూర్చోండి.

ఇక్కడ తీసుకోవాల్సింది ఒక్కటే, బెణ్ణె మసాలె దోసె, అంటే వెన్న మసాలా దోశ. ఇద్దరికీ కలిపి ఒకటి. పైన ముదురు గోధుమ రంగులో కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. బెంగళూరు దోశకు ఆ రంగు రావడానికి కారణం పిండి కలుపులో ఉంది. బియ్యం, మినప్పప్పుతో పాటు మెంతులు, కొంచెం శనగపప్పు, అటుకులు వేసే పద్ధతి ఇక్కడ ఎక్కువ. పులిసిన పిండిలోని చక్కెరలు, పప్పుల్లోని మాంసకృత్తులు వేడి పెనం మీద కలిసి ఎర్రబడతాయి. వెన్న ఆ వేడిని దోశ అంతటా సమంగా పట్టిస్తుంది. తినే వరస కూడా ఉంది. ముందు అంచులు, తర్వాత మధ్యలోది. లోపలి ఆలుగడ్డ పల్యం (కూర) ఆవిరికి నాలుగైదు నిమిషాల్లో కరకర పోతుంది. ఫొటో కోసం ఆగితే మెత్తటి దోశే మిగిలేది. పార్సెల్ అసలే వద్దు, డబ్బాలో పది నిమిషాలకే అది వేరే పదార్థం అయిపోతుంది.

ఇంకా ఆకలి ఉంటే మార్గోసా రోడ్డు మీదే పదిహేనో క్రాస్ దాకా నడవండి. అక్కడ వీణా స్టోర్స్‌లో ఇడ్లీ. కూర్చునే చోటు లేదు, ఫుట్‌పాత్ మీద నిలబడి తినాలి. పలచటి చట్నీ ఇడ్లీ మీదే పోస్తారు. ఒక ప్లేటు ఇద్దరికి. ఆ నడకలో ఎనిమిదో క్రాస్ సందడి కనిపిస్తుంది. పూజ సామాన్లు, గాజులు, ఆకుకూరలు, చీరలు. ఇప్పుడే కొని మోయకండి, రోజు చాలా ఉంది.

కాఫీ గురించి కాస్త నిదానంగా

1980ల్లో బెంగళూరులో “దర్శిని” హోటళ్లు మొదలయ్యాయి. ముందు డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, కౌంటర్‌లో ఇచ్చి తెచ్చుకోవాలి, నిలబడి తినాలి. కాఫీకి ఇవే మంచివి. గిరాకీ ఎక్కువ కాబట్టి డికాక్షన్ గంట గంటకూ కొత్తగా దిగుతుంది. పెద్ద ఏసీ హోటల్లో పొద్దున్న దింపిన డికాక్షన్ సాయంత్రం దాకా సాగుతుంది. నిలవ ఉన్నకొద్దీ వాసన పోయి చేదు మిగులుతుంది. ఆ చేదు కప్పిపెట్టడానికే చక్కెర ఎక్కువ వేస్తారు. కాబట్టి ఎక్కడ ఎక్కువమంది నిలబడి తాగుతున్నారో అక్కడ తాగండి.

“బై టూ” అనే మాట ఈ ఊరి ఆస్తి. ఒక కాఫీకి డబ్బు కట్టి “బై టూ” అంటే రెండు గ్లాసుల్లో సగం సగం పోసిస్తారు. ఎవరూ చిన్నచూపు చూడరు, పెద్ద పెద్ద ఉద్యోగులూ అలాగే తాగుతారు. రోజులో నాలుగైదు చోట్ల కాఫీ రుచి చూడాలంటే ఇది తప్పనిసరి. లేకపోతే మూడో కాఫీకే గుండె దడ, రాత్రికి నిద్ర కరువు.

మంచి ఫిల్టర్ కాఫీని గుర్తుపట్టడం కష్టం కాదు. గ్లాసు దగ్గరికి తీసుకోగానే కాల్చిన గింజ వాసన ముందు రావాలి, పాల వాసన కాదు. రంగు ఇటుక రంగుకు దగ్గరగా ఉండాలి. మరీ తెల్లగా ఉంటే డికాక్షన్ పలచన. నల్లగా ఉండి నాలుక మీద జిగటగా అంటుకుంటే చికోరీ ఎక్కువ. చికోరీ అనేది ఒక మొక్క వేరు. దాన్ని కాల్చి పొడి చేసి కలుపుతారు. అది చిక్కదనం, రంగు, కొంచెం తీపి ఇస్తుంది, వాసన మాత్రం ఇవ్వదు. వందకు ఇరవై పాళ్ల దాకా ఉంటే రెండూ పొందికగా ఉంటాయి. నలభైకి వెళ్తే మీరు తాగేది సగం వేరు కషాయమే.

లాల్‌బాగ్ రోడ్డులో 1924 నుంచి నడుస్తున్న ఎంటీఆర్‌లో వెండి గ్లాసులో కాఫీ ఇవ్వడం పాత మర్యాద. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బియ్యానికి కటకట వచ్చినప్పుడు రవ్వతో ఇడ్లీ చేయడం తమ వంటింట్లోనే మొదలైందని వాళ్లు చెబుతారు. రవ ఇడ్లీ, ఒక కాఫీ కోసం అయితే ఈ రోజులోనే ఇరికించొచ్చు. మధ్యాహ్న భోజనం కోసం అయితే ఇంకో రోజు పెట్టుకోండి. వరసగా వడ్డిస్తూనే ఉంటారు, పొద్దున్న నుంచి ఏమీ తినకుండా వెళ్లాల్సిన భోజనం అది.

పాలు లేని కాఫీ, కొత్త తరహా కాఫీ ఇష్టమైనవాళ్లు సాయంత్రం పర్పుల్ లైన్ ఎక్కి ఇందిరానగర్ వెళ్లొచ్చు. అక్కడ 12వ మెయిన్‌లో 2021లో తెరిచిన అరకు కేఫ్ ఉంది. మన అల్లూరి జిల్లా మన్యంలో గిరిజన రైతులు పండించిన గింజ అది. చక్కెర లేకుండా తాగితేనే పండు పులుపు తెలుస్తుంది. కానీ ఫిల్టర్ కాఫీ తాగిన గంటలోపు దాన్ని తాగకండి. చికోరీ రుచి నాలుక మీద ఉండగా ఆ పులుపు నీళ్లలా అనిపిస్తుంది.

10:30 – బొమ్మలు చూడడానికి

మల్లేశ్వరం నుంచి ఆటోలో కుమారకృపా రోడ్డు, కర్ణాటక చిత్రకళా పరిషత్తు. 1960లో పుట్టిన సంస్థ. చిత్రకళ కాలేజీ, చిత్రశాలలు, చెట్లు అన్నీ ఒకే ఆవరణలో. శాశ్వత సేకరణ గదులకు ఆదివారం, సెలవు రోజుల్లో తాళం ఉండే అవకాశం ఉంది, ముందు కనుక్కోండి. కళాకారులు అద్దెకు తీసుకుని పెట్టే ప్రదర్శనలు మాత్రం వారం వారం మారుతుంటాయి.

ఇక్కడ మూడు గదులు వదలకండి. మొదటిది మైసూరు సంప్రదాయ చిత్రాలు. తంజావూరు చిత్రం ఇంట్లో ఉన్నవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. తంజావూరులో సుద్ద పూత ఎత్తుగా ఉబ్బి ఉంటుంది, అందులో రాళ్లు, అద్దాలు పొదుగుతారు. మైసూరు పద్ధతిలో ఆ ఎత్తు చాలా తక్కువ. బంగారు రేకు దాదాపు చర్మంలా అతుక్కుని ఉంటుంది, ముఖాల గీత సన్నగా ఉంటుంది. ఎదురుగా నిలబడితే ఇది కనబడదు, పక్కకు జరిగి వాలు వెలుతురులో చూడండి. రెండోది రోరిక్‌ల గది. రష్యా నుంచి వచ్చిన చిత్రకారుల కుటుంబం. కొడుకు స్వెతొస్లావ్ రోరిక్ బెంగళూరు శివారు తాతగుణి ఎస్టేట్‌లోనే స్థిరపడ్డాడు. మూడోది తోలుబొమ్మలు. మన నిమ్మలకుంట బొమ్మలు నిలువెత్తు, చేతులూ కాళ్లూ కీళ్లతో కదులుతాయి. కర్ణాటక బొమ్మల్లో చిన్నవి ఎక్కువ. ఒకే తోలు ముక్క మీద రథం, గుర్రం, మనిషి కలిపి చెక్కిన దృశ్యాలూ ఉంటాయి. పొరుగు పొరుగు ఆటల మధ్య ఇంత తేడా ఎలా వచ్చిందో ఆ బొమ్మల ముందు నిలబడి ఆలోచించడం బాగుంటుంది.

జనవరి మొదటి ఆదివారాల్లో ఇదే రోడ్డు మీద చిత్రసంతె జరుగుతుంది. 2003లో మొదలైంది. రోడ్డు మూసేసి రెండువైపులా చిత్రకారులే కూర్చుని తమ బొమ్మలు అమ్ముతారు. తేదీ చూసుకుని పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి నడవడానికి సందు ఉండదు. కొనాలనుకుంటే ఏ రంగులో వేశారు, ఎప్పుడు పూర్తయింది అని అడగండి. తైలవర్ణం కొత్తదైతే పైకి ఆరినట్టున్నా లోపల పచ్చిగానే ఉంటుంది, చుడితే పగులుతుంది. ఆరిన కాన్వాసును కూడా రంగు బయటికి వచ్చేలా చుట్టాలి. చాలామంది రంగును కాపాడుతున్నామనుకుని లోపలికి చుడతారు. అప్పుడు రంగు పొర నలిగి ముడతలు పడుతుంది. అట్ట గొట్టం ఇంటి నుంచే తెచ్చుకోండి. చిత్రకారుల సంతకం, ఏడాది, బిల్లు మర్చిపోవద్దు. బేరం ఆడొచ్చు, కానీ సగానికి సగం అడిగితే అది వాళ్ల నెలల కష్టానికి అవమానం.

పరిషత్తు నుంచి ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు మాన్షన్ ఎంతో దూరం లేదు. ఆ పాత బంగళాలో 2009 నుంచి నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ నడుస్తోంది. పెద్ద చెట్లు, నీటి మడుగు, నిశ్శబ్దం. సంచి లాకర్‌లో పెట్టి వెళ్లాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, మొదటి గదిలో ప్రతి బొమ్మ ముందూ రెండేసి నిమిషాలు నిలబడి, మూడో గదికి కాళ్లు నొప్పులని బయటికి వచ్చేయడం. ముందు పదిహేను నిమిషాల్లో అన్ని గదులూ ఊరికే తిరిగి రండి. కాళ్లు ఏ మూడు బొమ్మల దగ్గర ఆగాయో గుర్తుపెట్టుకోండి. మళ్లీ వెళ్లి వాటి ముందు మాత్రం అయిదేసి నిమిషాలు ఉండండి. పక్కనున్న చీటీ చివర్లో చదవండి, ముందు చదివితే కన్ను అదే వెతుక్కుంటుంది.

దీనికి బదులు కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యాప్ మ్యూజియంకి వెళ్లొచ్చు. ఫొటోలు, సినిమా పోస్టర్లు, నేత బట్టలు కూడా చూడాలనుకునేవాళ్లకు అదే బాగుంటుంది. కబ్బన్ పార్క్ మెట్రో నుంచి నడిచి వెళ్లొచ్చు. మూడూ ఒకే రోజు పెట్టుకోకండి. రెండు చిత్రశాలలు దాటితే మూడోదాంట్లో ఏం చూశారో రాత్రికి గుర్తుండదు.

1:30 – మధ్యాహ్నం తేలిగ్గా

పెరుగన్నం, మజ్జిగ. అంతే. మాంసం తినేవాళ్లు మాత్రం దారి మార్చుకోవచ్చు. పొద్దున్న దోశ వదిలేసి, మధ్యాహ్నం కాటన్‌పేటె, చిక్కపేటె వైపున్న పాత మిలిటరీ హోటళ్లలో దొన్నె బిర్యానీ తినండి. దొన్నె అంటే ఆకు దొప్ప. సన్న చిట్టి బియ్యం, కొత్తిమీర, పుదీనాతో ఆకుపచ్చగా ఉంటుంది. హైదరాబాద్ బిర్యానీతో పోల్చుకుంటూ తింటే నచ్చదు, పలావు అనుకుని తినండి. పక్కన రాగి ముద్ద ఉంటే రాయలసీమవాళ్లకు ఇల్లు గుర్తొస్తుంది. ముద్దను నమలకూడదు, పులుసులో ముంచి మింగాలని వాళ్లకు చెప్పక్కర్లేదు. రెండు దాటాక వెళ్తే గిన్నె అడుగు గీకుతుంటారు.

ఆంధ్రా మీల్స్ ఈ ఊళ్లో అడుగడుక్కీ దొరుకుతాయి, బాగుంటాయి కూడా. ఈ ఒక్క రోజు వాటి జోలికి పోకండి.

3:30 – బసవనగుడి

నేషనల్ కాలేజ్ స్టేషన్ నుంచి ఆటోలో గాంధీ బజార్. విద్యార్థి భవన్ 1943లో విద్యార్థుల కోసం పెట్టిన చిన్న హోటల్. మధ్యాహ్నం మూసి మళ్లీ తెరిచాక, సాయంత్రం గుంపు రాకముందు ఈ వేళ బాగుంటుంది. గోడల మీద కన్నడ రచయితల గీత చిత్రాలుంటాయి, వాటినీ ఇవాళ్టి బొమ్మల లెక్కలో వేసుకోండి. సర్వర్ చేయి పొడుగునా దోశ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వస్తారు. ఆ చేతికి దారివ్వండి.

పొద్దున్న తిన్న దోశతో పోల్చి చూడండి. ఇది చిన్నది, మందం, నేతి వాసన ఎక్కువ. పైపొర బిస్కెట్‌లా విరుగుతుంది. సాంబార్ ఇవ్వరు, చట్నీ మాత్రమే. పలచటి చట్నీ దోశ మీద పోయించుకోకండి, పక్కన పెట్టించుకుని ముంచుకోండి. ఏ దోశ గొప్పదని ఈ ఊళ్లో ఇళ్లల్లోనే వాదనలు జరుగుతాయి. ఇద్దరూ ఒకే రోజు రెండూ తింటేనే ఆ వాదనలో మాట్లాడే హక్కు వస్తుంది. మా ఓటు, కరకరకు బసవనగుడి, వెన్న రుచికి మల్లేశ్వరం.

తిన్నాక బుల్ టెంపుల్ రోడ్డు వెంట దొడ్డ బసవణ్ణ గుడి దాకా నడవండి. ఒకే రాతిలో చెక్కిన పెద్ద నంది. కార్తీక మాసం చివరి సోమవారం ఇక్కడ కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ సంత, జరుగుతుంది. మన సీమ వైపు నుంచి కూడా కాయలు వస్తాయి. పచ్చివి, ఉడికించినవి, వేయించినవి అన్నీ ఉంటాయి. ముందు రెండు కాయలు ఒలిచి, గింజ నిండుగా ఉందో లేదో చూసి అప్పుడు సేరు లెక్క మాట్లాడండి.

అక్కడి నుంచి శంకరపురం, బ్రాహ్మిన్స్ కాఫీ బార్. 1965 నుంచి ఉన్న చిన్న చోటు. ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, కాఫీ. సాంబార్ లేదు. చట్నీ ఎన్నిసార్లయినా పోస్తారు, దాని కోసమే జనం వస్తారు. ఇప్పుడు ఒక వడ, ఒక కాఫీ బై టూ చాలు.

6:30 – తిండి బీది, లేదా పాట

సజ్జన్‌రావు సర్కిల్ దగ్గర వీవీ పురం తిండి బీది, అంటే తిండి వీధి, సాయంత్రం మొదలవుతుంది. మొదట్లోనే ఆగి తినకండి, వీధి చివరిదాకా ఒకసారి నడిచి రండి. పెనం మీద అప్పటికప్పుడు కాలుస్తున్నవే తీసుకోండి. బొబ్బట్టుని ఇక్కడ ఒబ్బట్టు, హోళిగె అంటారు. వేడిగా నెయ్యి వేసి ఇస్తారు. డిసెంబరు, జనవరి చలికాలంలో అవరెకాళు, అంటే అనపగింజల కాలం. దోశ, ఉప్మా, మిక్చర్ అన్నింటిలోనూ అవే. మూలనున్న పాత వీబీ బేకరీలో ఖారా బన్, కాంగ్రెస్ కడలెకాయి కట్టించుకోండి. రెండోది కారం, కరివేపాకు పట్టించిన వేరుశనగ బద్దలు. స్టీలు డబ్బా తెచ్చింది దీనికే.

శ్రీరామనవమి రోజుల్లో వస్తే తిండి బీది త్వరగా ముగించి చామరాజపేటె ఫోర్ట్ హైస్కూల్ మైదానానికి వెళ్లండి. శ్రీ రామసేవా మండలి 1939 నుంచి అక్కడ సంగీతోత్సవం జరుపుతోంది. కన్నడ ఊళ్లో, వేలమంది మధ్య, త్యాగయ్య తెలుగు వినడం. పదాలు అర్థమయ్యే మీరు పక్కవాళ్లకు ఒక చరణం చెప్పండి, వాళ్లు మీకు రాగం చెబుతారు.

కాఫీ పొడి కొనడం, ఇంట్లో దింపడం

గాంధీ బజార్ వదిలే ముందే పొడి కొనుక్కోవాలి. గింజ వేయించి అక్కడికక్కడే ఆడించే దుకాణంలో కొనండి. వాసన వీధి మలుపు నుంచే తెలుస్తుంది. ముందు శాతం చెప్పండి, 80 కాఫీ, 20 చికోరీ. పీబెర్రీ అని అడిగితే ఒక పండులో రెండు పప్పుల బదులు ఒకే గుండ్రటి గింజ ఉన్న రకం ఇస్తారు. ఇత్తడి, స్టీలు ఫిల్టర్‌కు అని చెప్పి ఆడించండి. మరీ మెత్తగా ఆడితే రంధ్రాలు పూడిపోతాయి, మరీ గరుకైతే నీళ్లు జారిపోతాయి. పావుకిలో మించి కొనకండి, పదిహేను రోజులకే వాసన సగం పోతుంది. ప్యాకెట్ పొడి అయితే చికోరీ శాతం దానిమీదే అచ్చు వేసి ఉంటుంది, చదివి కొనండి.

ఇంట్లో ఇద్దరికి 25 గ్రాముల పొడి, అంటే కుప్పగా మూడు పెద్ద చెంచాలు. పై గిన్నెలో వేసి తట్టి సమం చేయండి, ఫిల్టర్‌తో వచ్చే గొడుగు లాంటి బిళ్లతో మెల్లగా అదమండి. గట్టిగా నొక్కితే డికాక్షన్ దిగదు, వదులుగా వదిలితే అయిదు నిమిషాల్లో దిగిపోయి పలచనవుతుంది. నీళ్లు మరిగాక పొయ్యి మీంచి దించి అరనిమిషం ఆగి, 120 మిల్లీలీటర్లు గుండ్రంగా పోయండి. మూత పెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు వదిలేయండి. ఆగిపోతే కింద గిన్నెలో గాలి పట్టి ఉంటుంది, పై గిన్నెను కొంచెం ఎత్తి మళ్లీ పెట్టండి. పాలు ఒక్క పొంగు రానిచ్చి దించండి. మళ్లీ మళ్లీ కాచిన పాలకు మీగడ వాసన వచ్చి కాఫీని మింగేస్తుంది. డికాక్షన్‌ను మాత్రం ఎప్పుడూ పొయ్యి ఎక్కించకండి. గ్లాసులో డికాక్షన్ ముందు, దానిమీద వేడి పాలు, చక్కెర చివర. డబరాలోకి రెండుసార్లు తిరగబోస్తే నురగ దానంతటదే వస్తుంది.